ముప్పై రెండు జీబీలోనే సర్దాలి

సీ డ్రైవ్ పక్కన ఎర్ర గీత. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎరుపే. మిగిలింది 412 ఎంబీ.

మీరు అల్లాదుర్గ్‌లో ఉన్నారు. ముందు గదిలో చాప, చాప మీద పాత లాప్‌టాప్, పక్కన ఇంటర్ చదివే తమ్ముడు. కిటికీ అవతల సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే లారీల మోత. తమ్ముడు మోకాళ్ల మీద గడ్డం ఆనించి తెరకేసి చూస్తున్నాడు.

“అక్కా, ఇండ్ల ఏం ఎక్కుతలేదు. సార్ పంపిన పీడీఎఫ్ గూడ సేవ్ అయితలేదు.”

రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తారు. పాత సినిమా ఒకటి తీసేస్తారు. గీత పిసరంత వెనక్కి జరిగి ఆగిపోతుంది. కింద మూలన ఒక పెట్టె లేచింది: విండోస్ 10కు మద్దతు ముగిసింది. అవును, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మరి విండోస్ 11? దానికి కనీసం 64 జీబీ డిస్క్ కావాలి. మీ దగ్గరున్నది అందులో సగం.

లాప్‌టాప్ బోర్లా తిప్పి చూడండి. డిస్క్ మార్చుకునే మూత ఎక్కడా లేదు. లోపల ఉన్నది హార్డ్ డిస్క్ కాదు, ఈఎంఎంసీ అనే చిప్. బోర్డుకే అతికించేశారు. తీసి పెద్దది వేయడం కుదరదు. ఈ 32 జీబీతోనే బతకాలి.

ఉచితంగా దొరికే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టంలు చాలా ఉన్నాయి. ఏది ఎక్కించాలో ఈ పూట తేల్చాలి. మీ దగ్గర ఏమున్నాయో చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లు రెండు: ఒకటి 8 జీబీ, ఒకటి 16. మీ ఫోన్‌లో రోజుకు 2 జీబీ నెట్, నాన్న ఫోన్‌లో మరో 2 జీబీ. బ్యాటరీ ముసలిదైపోయింది, చార్జర్ తీస్తే కొద్ది నిమిషాలే. డిస్క్ ఒక్కటే ఇరుకు అనుకున్నారు. నెట్ కూడా ఇరుకే, కరెంట్ కూడా ఇరుకే.

అందరూ చెప్పే పేరు ఉబుంటు. డౌన్‌లోడ్ పేజీ తెరిచి సైజు చూస్తారు. 6 జీబీకి అటూ ఇటూ. మీ ఫోన్ లెక్కన మూడు రోజుల నెట్. పైగా డిస్క్‌లో 25 జీబీ ఖాళీ ఉండాలంటోంది. అంతా దానికే వదిలేస్తే తమ్ముడి పుస్తకాలకు మిగిలేది కొద్ది జీబీలే. ఉబుంటులో స్నాప్ పద్ధతిలో వచ్చే ప్రోగ్రాంలు కొత్తవి దిగినప్పుడు పాత కాపీని కూడా అట్టే పెడతాయి. పేజీ మూసేయండి.

పక్కన ఇంకో పేరు: టైనీ కోర్ లైనక్స్. సైజు 20 ఎంబీ పైచిలుకు. తప్పు చదివారేమో అని మళ్లీ చూస్తారు. సరిగ్గానే చదివారు. వాట్సాప్‌లో వచ్చే పెళ్లి వీడియోకన్నా చిన్నది. అమ్మ చాయ్ తెచ్చేలోపు దిగిపోయింది.

16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాసి, సంతకం లేని సిస్టంలను అడ్డుకునే సెక్యూర్ బూట్‌ను బయోస్‌లో ఆపి, దాంతోనే లాప్‌టాప్ లేపండి. లోపలి డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు. కొన్ని సెకన్లు. తెర మీద కింద చిన్న బొమ్మల వరుస, మౌస్ బాణం. మొత్తం సిస్టం మెమరీలోకి ఎక్కి అక్కడే నడుస్తోంది. తమ్ముడు నోరు తెరిచాడు.

“గింత స్పీడా!”

ఇప్పుడు పని మొదలుపెట్టండి. వైఫై కావాలి, దానికో ప్యాకేజీ. బ్రౌజర్ కావాలి, ఫైర్‌ఫాక్స్ దింపాలి, అదొక్కటే విప్పాక 250 ఎంబీ దాటుతుంది. తెలుగు పేజీ తెరవండి. అక్షరాల చోట ఖాళీ చదరాలు. ఫాంట్లు తేవాలి. ఆఫీసు పనులకు లిబ్రెఆఫీస్ తేవాలి, అది అరజీబీకి పైమాటే. ఇల్లు చిన్నదైనంత మాత్రాన సామాను చిన్నదైపోదు. ఏ సిస్టం ఎక్కించినా ఫైర్‌ఫాక్స్ బరువు అంతే, లిబ్రెఆఫీస్ బరువు అంతే. 20 ఎంబీ దగ్గర మొదలైన ఆదా తమ్ముడి అవసరాలన్నీ చేరేసరికి చాలామటుకు కరిగిపోతుంది. ఒక ఫైల్ రాసి రీస్టార్ట్ చేయండి. ఫైల్ లేదు. దాచమని విడిగా చెప్పి పెట్టకపోతే టైనీ కోర్ ఏదీ దాచదు.

తక్కువ మెమరీ ఉన్న మరీ పాత పెట్టెకు ప్రాణం పోయాలంటే టైనీ కోర్ అద్భుతం. రేపు పొద్దున ప్రాజెక్టు రాయాల్సిన పిల్లాడికి కాదు.

ఆల్పైన్ లైనక్స్ సంగతి? డిస్క్ మీద కనీసంగా ఎక్కిస్తే 130 ఎంబీ సరిపోతుంది. సర్వర్లు నడిపేవాళ్లకు ప్రాణం. లైనక్స్ ప్రోగ్రాంలు దాదాపు అన్నీ ‘గ్లిబ్‌సీ’ అనే ఒక పెద్ద లైబ్రరీ మీద ఆధారపడతాయి. ఆల్పైన్ దాని బదులు ‘మస్ల్’ అనే చిన్నది వాడుతుంది. ఆ పొదుపులో కొంత అక్కడి నుంచే. చిక్కూ అక్కడే: బయటి కంపెనీలు తయారుచేసి ఇచ్చే ప్రోగ్రాంలు, గూగుల్ క్రోమ్ లాంటివి, దాని మీద నేరుగా నడవవు. ఫైర్‌ఫాక్స్ ఉంది, క్రోమియం ఉంది. కానీ రేపు కాలేజీ వాళ్లు ఫలానా ప్రోగ్రాం వేసుకోమంటే? మీరు ఇంట్లో లేనప్పుడు తమ్ముడు ఎవరినడగాలి?

లైనక్స్ కానిది ఒకటి చూద్దామా? ఓపెన్‌బీఎస్‌డీ. 1995లో థియో డి రాట్ మొదలుపెట్టాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పెరిగిన యూనిక్స్ వంశం ఇది. మూల సిస్టం ఒకే ముద్దగా, శుభ్రంగా, తక్కువ చోటులో వస్తుంది. గ్రాఫిక్స్ కూడా అందులోనే. భద్రత కావాలంటే దీనికి పెట్టింది పేరు. కానీ దీనికీ సెక్యూర్ బూట్ ఆపాలి. బ్లూటూత్ లేదు, అంటే తమ్ముడి ఇయర్‌బడ్స్ మూగబోతాయి.

అసలు ఇబ్బంది డిస్క్ పంచేచోట. దాని ఇన్‌స్టాలర్ తనంతట తాను వేసిన పంపకం చూడండి. ఒక్క డిస్క్‌ను ఎన్నో ముక్కలు చేసింది. టెంప్‌కు ఒకటి, వార్‌కు ఒకటి, యూఎస్ఆర్‌కు ఒకటి, యూఎస్ఆర్ లోకల్‌కు ఒకటి, సోర్స్ కోడ్ పెట్టుకోవడానికి ఇంకొకటి. పెద్ద డిస్క్‌లో ఇది మంచి పద్ధతే, ఒక గదిలో నిప్పు పక్క గదికి పాకదు. విండోస్ లెక్కలో 29 జీబీయే ఉన్న మీ డిస్క్‌లో మాత్రం ఒక ముక్క నిండి ఏడుస్తుంటే పక్క ముక్క ఖాళీగా ఉంటుంది.

ఈ యూఎస్ఆర్ ఏమిటి, ప్రోగ్రాంలు కొన్ని అందులో, కొన్ని దాని బయట ఎందుకున్నాయి అని మీకు అనుమానం వస్తుంది. రావాలి కూడా. 1971 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-11 అనే కంప్యూటర్ మీద యూనిక్స్ రాస్తున్నారు. డిస్కులు చాలా చిన్నవి. సిస్టం పెరిగింది, మొదటి డిస్క్ చాలలేదు. పొంగిపోయిన ప్రోగ్రాంలను యూజర్ల ఫైళ్లు ఉండే రెండో డిస్క్‌లోకి తోశారు. ఆ డిస్క్ పేరే యూఎస్ఆర్. చోటు చాలక చేసిన ఆ సర్దుబాటు యాభై ఏళ్లు నిలిచింది. డెబియన్ లాంటివి ఈ మధ్యనే రెండింటినీ మళ్లీ కలిపేశాయి. ఈ రోజు చాప మీద కూర్చుని మీరు పడుతున్న అవస్థ యూనిక్స్ పుట్టింట్లోనే పడ్డారు.

ఓపెన్‌బీఎస్‌డీ వంశంలోనివే అయిన ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ కూడా మంచివే. ఈ లాప్‌టాప్ వైఫైతో, తమ్ముడి అనుభవంతో వాటి జోలికి ఈ రాత్రి పోకండి.

డెబియన్ పేజీకి రండి. ‘నెట్ ఇన్‌స్టాల్’ ఫైల్ జీబీలోపే. ముందు చిన్న సిస్టం ఎక్కుతుంది, ఆ తర్వాత ఏం కావాలో మీరే ఎంచుకుని దింపుకోవచ్చు. డెస్క్‌టాప్‌తో కలిపి 10 జీబీ ఉంటే చాలంటుంది వాళ్ల చేతిపుస్తకం. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై చిప్‌లకు కావలసిన ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. సెక్యూర్ బూట్ ఆపనక్కర్లేదు.

“గిది ఎవలు జేసిండ్రు అక్కా? పైసలు కట్టాల్నా?”

వద్దని చెప్పండి. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే కాలేజీ కుర్రాడు మొదలుపెట్టాడు. దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు నడిపిస్తున్నారు. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తెచ్చిన బాస్ లైనక్స్ దీని మీద కట్టిందే. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్లు రెండు దశాబ్దాలుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి పాటుపడుతున్నారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు నేర్చుకునేది లైనక్స్ మీదే.

డౌన్‌లోడ్ నొక్కండి. అది దిగుతుండగా చేయాల్సిన పని ఇంకా పెద్దది.

“నా ఫొటోలు పోతయా అక్కా?”

ఫొటోలు ఒక్కటే కాదు. ఇదే లాప్‌టాప్‌లో నాన్న పట్టాదారు పాస్‌బుక్ స్కాన్ ఉంది, తమ్ముడి పదో తరగతి మెమో ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టండి. అన్నీ అందులోకి కాపీ చేయండి. అయిపోయింది అన్నాక ఊరుకోకండి. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి, అందులోంచే పాస్‌బుక్ తెరవండి. రెండో పేజీకి వెళ్లండి. అంకెలు చదవగలుగుతున్నారా? మెమో తెరవండి. సరే.

ఇప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లూ నల్లవే. ఒకే కంపెనీవి. ఒకదాంట్లో ఇంటి కాగితాలు, ఇంకోదాన్ని తుడిచి ఇన్‌స్టాలర్ రాయాలి. ఆ పని చేసే రూఫస్ తెరిచారు. పైన డ్రైవ్ పేరు అడుగుతోంది. ఈ, ఎఫ్. ఏది ఏది?

ఆగండి.

కాగితాలున్నదాన్ని పీకేయండి. తమ్ముడి చేతికిచ్చి జేబులో పెట్టుకోమనండి. ఇప్పుడు జాబితాలో ఒక్కటే మిగిలింది. సైజు చూడండి. 16 జీబీ. ఇందులోదంతా తుడిచిపెట్టుకుపోతుందని హెచ్చరిక. సరే అనండి. పచ్చ గీత నడుస్తోంది.

రీస్టార్ట్. డెబియన్ గుర్తు. ‘గ్రాఫికల్ ఇన్‌స్టాల్’ ఎంచుకోండి. భాషల వరుసలో కిందికి జరగండి. తమిళం దాటగానే తెలుగు, మన లిపిలోనే. నొక్కితే తర్వాతి ప్రశ్నలు తెలుగులో వస్తున్నాయి. తమ్ముడు ఒక్కో మాటా కూడబలుక్కుని పైకి చదువుతున్నాడు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టండి. నెట్ దొరికింది.

డిస్క్ ప్రశ్న వచ్చింది. రెండు వరుసలు. ఒకటి 31.3 జీబీ. ఇంకొకటి 16 జీబీ. విండోస్ 29 అన్నదే ఇక్కడ 31 ఎలా అయింది? ఇన్‌స్టాలర్ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున. డిస్క్ అదే. ‘ఎంఎంసీ’ అని ఉన్న వరుస మీది. పదహారుది మీరు బూట్ చేసిన పెన్‌డ్రైవ్, దాన్ని ముట్టుకోకండి.

మొత్తం డిస్క్ వాడాలా? అవును. ముక్కలు చేయాలా? వద్దు. అన్నీ ఒకే విభాగంలో. ఇరుకు డిస్క్‌కు గోడలు పనికిరావు.

చివరి ప్రశ్న. మార్పులను డిస్క్ మీద రాయాలా? దానంతటదే ‘కాదు’ మీద నిలబడి ఉంది. ‘అవును’ మీదికి మీరే జరపాలి. జరిపితే విండోస్ ఉండదు.

తమ్ముణ్ని జేబు తడుముకోమనండి. ఉందా?

“ఉన్నది.”

నొక్కండి.

గీత కదిలింది. పది శాతం. ఇరవై. బయట గాలి లేచింది. నాన్న గుమ్మంలోంచి పిలుస్తున్నాడు.

“బిడ్డా, మొగులైంది. కరెంట్ పోతదేమో సూస్కో.”

ముప్పై ఐదు. ఏ డెస్క్‌టాప్ కావాలని అడుగుతోంది. వరుసలో గ్నోమ్, కేడీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ. తేలికైనవాటిలో ఎల్ఎక్స్‌క్యూటీ ఒకటి. టిక్ పెట్టారు. వందల ప్యాకేజీలు దిగడం మొదలైంది. నలభై. ఫ్యాన్ మందగించింది. ట్యూబ్‌లైట్ ఒకసారి కొట్టుకుంది. నలభై ఆరు.

చీకటి.

తెర వెలుగుతూనే ఉంది. బ్యాటరీ మీద. నలభై ఎనిమిది. వెలుగు తగ్గించండి. నలభై తొమ్మిది. ఉరుము. యాభై.

తెర ఆరిపోయింది.

ఎవరూ మాట్లాడరు. తమ్ముడి చేయి జేబు మీదికి పోయింది. పెన్‌డ్రైవ్ ఉంది. కాగితాలున్నాయి, ఫొటోలున్నాయి. పోయింది సగం ఎక్కిన సిస్టం, ఈ పూట నెట్ మాత్రమే.

కరెంట్ వచ్చాక మళ్లీ మొదటి నుంచి. నెట్ నాన్న ఫోన్ నుంచి. ఈసారి డెస్క్‌టాప్ ప్రశ్న దగ్గర వేరే దారి పట్టండి. అన్ని టిక్కులూ తీసేయండి. మామూలు సిస్టం పనిముట్లు ఒక్కటే ఉంచండి. దిగాల్సింది తక్కువ, పట్టే సమయం తక్కువ. కాసేపటికే ఇన్‌స్టాల్ ముగిసింది. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, లాగిన్ అడుగుతోంది. బొమ్మలు లేవు. కానీ సిస్టం తన కాళ్ల మీద తాను నిలబడింది.

డెస్క్‌టాప్ ఇక్కడి నుంచి ఎక్కించండి. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ‘ఆప్ట్’తో దింపుతుంటే ఒక్కోటి దిగగానే డిస్క్‌లో దాచిపెడుతుంది. మధ్యలో కరెంట్ పోయినా దిగినవి పోవు, మిగిలినవి దింపితే చాలు. సగంలో ఆగిన ప్యాకేజీలను సర్దడానికి ‘డీపీకేజీ’ ఉంది. నాకు డెబియన్ మీద గురి కుదిరింది ఇక్కడే. పల్లెల్లో కరెంట్ పోతుంది, నెట్ అయిపోతుంది. ఆగినచోట నుంచి అందుకోగలిగిన సిస్టమే మనకు కావాలి.

ఎల్ఎక్స్‌క్యూటీ, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, తెలుగు ఫాంట్లు. దిగాయి, ఎక్కాయి. లేపండి. పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్లన్నీ వెనక్కి తెచ్చే ముందు టెర్మినల్ తెరిచి, చోటు లెక్క చెప్పే ‘డీఎఫ్’ను అడగండి. సిస్టం విడిగా పక్కన పెట్టుకున్నది పోను మొత్తం 27 జీబీ. వాడింది 5.1. మిగిలింది 20.

లెక్క తప్పినట్టుంది కదా? దాదాపు 22 ఉండాలి. ఆ మిగతాదాంట్లో చాలామటుకు ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం దాచిపెట్టింది. డిస్క్ పూర్తిగా నిండినా రూట్ యూజర్ లోపలికి వచ్చి సరిచేయగలిగేలా అయిదు శాతం పక్కన ఉంచుతుంది. ఇంత చిన్న డిస్క్‌లో ఒక శాతం చాలు. ‘ట్యూన్2ఎఫ్ఎస్’తో తగ్గించండి, జీబీకి పైగా తిరిగి వస్తుంది. సున్నా మాత్రం చేయకండి. సిస్టం రాసుకునే చిట్టా డిస్క్‌లో పదో వంతు దాకా పెరగగలదు, దానికి 100 ఎంబీ హద్దు పెట్టండి. ‘ఆప్ట్ క్లీన్’ కొట్టి, దాచిన ప్యాకేజీలు తీసేయండి. ఇప్పుడు వాటితో పనిలేదు. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ పాతది ఉండిపోతుంది, ఒక్కోటి చాలా చోటు తింటుంది. నెలకోసారి ‘ఆటోరిమూవ్’ కొట్టమని తమ్ముడికి నేర్పండి.

సార్ పంపిన పీడీఎఫ్ సేవ్ అయింది. తమ్ముడు పోతన ఫాంట్ పెట్టి తన పేరు కొట్టుకుంటున్నాడు.

నా తీర్పు ఇది. 64 బిట్ మెషీన్, 32 జీబీ లేదా 16 జీబీ డిస్క్, ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే డెబియన్ ఎక్కించండి. మెషీన్ 32 బిట్‌దైతే డెబియన్ 13లో దానికి ఇన్‌స్టాలర్ లేదు, డెబియన్ మీదే కట్టిన యాంటీఎక్స్‌కు వెళ్లండి. డిస్క్ 4 జీబీయే ఉండి, మెషీన్ చేసేది ఒక్క పనే అయితే ఆల్పైన్. బ్రౌజర్, ఆఫీసు, మీ భాష ఎక్కించాక ఎంత మిగులుతుందో చూసి ఎంచుకోండి. డౌన్‌లోడ్ పేజీలో కనిపించే సైజును నమ్మకండి.

విండోస్ 10తో ఆగిపోయి బీరువా మీద దుమ్ము పట్టిన లాప్‌టాప్‌లు మీ ఊళ్లో ఉండే ఉంటాయి. బళ్లో ఉంటాయి, పంచాయతీ ఆఫీసులో ఉంటాయి, మీ చిన్నాన్న ఇంట్లో ఉంటాయి. ఈ ఆదివారం ఒక్కదాన్ని కిందికి దింపండి. ముందు అందులోని కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే మొదలుపెట్టండి.